డి.ఆర్. పెరిగింది సరే, చేతిలో మిగిలింది ఎంత? పింఛనుదారులు ఇంట్లోనే వేసుకునే లెక్క

డి.ఆర్. (డియర్‌నెస్ రిలీఫ్, ధరలు పెరిగినందుకు పింఛను మీద కలిపే కరువు భృతి) ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ విజయనగరంలో మా అరుగు మీద ఒకే ప్రశ్న వినబడుతుంది. "3.64 శాతం పెరిగిందన్నారు, నా పాస్‌బుక్కులో అంత కనబడటం లేదేమిటి?" నెల తిరిగేసరికి ఇంకో ప్రశ్న. "పెరిగింది కదా, మరి నెలాఖరుకు ఎందుకు చాలడం లేదు?" శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి నుంచి ఫోను చేసే పాత సహోద్యోగులు అడిగేదీ ఇదే. ఉద్యోగమంతా లెక్కల విభాగంలో గడిపినవాణ్ని కనుక ఒక్కొక్కరితో కూర్చుని కాగితం మీద వేసి చూపిస్తూ వచ్చాను. ఇప్పుడు ఆ కాగితాన్నే మీ ముందు పెడుతున్నాను. ఒక సాయంత్రం తీరికగా కూర్చుంటే పూర్తవుతుంది.

ఇది ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు, కుటుంబ పింఛను అందుకునేవారికి. రైల్వే, తపాలా వంటి కేంద్ర శాఖల్లో చేసి దిగినవారు శాతాలు మార్చుకుంటే చాలు. ఈ.పి.ఎస్. (పి.ఎఫ్. సంస్థ ఇచ్చే కార్మికుల పింఛను పథకం) పింఛను వారి సంగతి చివర్లో చెబుతాను, అది వేరే కథ.

దగ్గర పెట్టుకోవలసినవి

పి.పి.ఓ. (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నకలు. డి.ఆర్. పెరగక ముందు నెల పింఛను స్లిప్పు, పెరిగిన తర్వాతి నెల స్లిప్పు. పాస్‌బుక్కు. డిపాజిట్ల మీద ఏడాది వడ్డీ ఎంతో చెప్పే బ్యాంకు కాగితం. గత డి.ఆర్. అందిన నెల నాటి ఇంటి ఖర్చు పుస్తకం. పుస్తకం రాసే అలవాటు లేకపోతే కిరాణా కొట్టు చీటీలు, మందుల బిల్లులు, కరెంటు బిల్లులు చాలు. అవీ లేకపోతే మీ ఇంట్లో ఖర్చు చూసేవారిని పక్కన కూర్చోబెట్టుకోండి, పాల ధర ఏ నెలలో మారిందో వారికి నోటికి వచ్చి ఉంటుంది.

పన్ను ఉదాహరణలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరం రేట్లతో వేశాను. మీరు లెక్క వేసే ఏడాది రేట్లు చూసుకుని అవే వాడండి.

1. పెరుగుదలను మూల పింఛను మీదే లెక్కించండి

డి.ఆర్. శాతం మూల పింఛను మీద కడతారు. మీ చేతికి వచ్చే మొత్తం మీద కాదు. కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకుని, బదులుగా నెలనెలా కోత పెట్టించుకోవడం) తీసుకున్నవారికి కూడా కమ్యుటేషన్ కోతకు ముందున్న పూర్తి మూల పింఛను మీదే కట్టాలి. 70 ఏళ్లు దాటి అదనపు పింఛను వస్తుంటే దాని మీద కూడా డి.ఆర్. రావాలి.

ఒక మాదిరి లెక్క చూద్దాం. ఒకాయన పూర్తి మూల పింఛను 30,000. కమ్యుటేషన్ కోత 12,000. డి.ఆర్. 33.67 శాతం ఉన్నప్పుడు 10,101 వచ్చేది. 37.31 శాతం అయ్యాక 11,193 వస్తుంది. పెరిగింది 1,092 రూపాయలు. చేతికి అందేది 28,101 నుంచి 29,193 అయింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 3.64 శాతం పెరిగిందంటే రాబడి అంతా 3.64 శాతం పెరిగినట్టు కాదు. కోతకు ముందు ఈయన పింఛను, డి.ఆర్. కలిపి 40,101. దాని మీద 1,092 అంటే 2.72 శాతమే. పాత డి.ఆర్. పేరుకున్న కొద్దీ, కొత్తగా వచ్చే అదే 3.64 శాతం మొత్తంలో ఇంకా చిన్న భాగం అవుతుంది. ధరల పెరుగుదలతో పోల్చేటప్పుడు పత్రికలో చదివిన శాతాన్ని వాడకండి. రూపాయల్లో పోల్చండి.

సరిచూసుకునే పద్ధతి: కొత్త స్లిప్పులోని డి.ఆర్. మొత్తాన్ని పూర్తి మూల పింఛనుతో (అదనపు పింఛను వస్తుంటే అదీ కలిపి) భాగించి 100తో గుణించండి. ఉత్తర్వులోని శాతం రావాలి. తక్కువ వస్తే కోత తర్వాతి మొత్తం మీద కట్టారేమో, అదనపు పింఛనును వదిలేశారేమో చూడండి. తేడా ఉంటే రెండు స్లిప్పులూ, పి.పి.ఓ. నకలూ జతచేసి సబ్ ట్రెజరీలో రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా అడిగి వచ్చేస్తే ఎవరికీ గుర్తుండదు.

కుటుంబ పింఛను అందుకునే అమ్మలకు ప్రత్యేకంగా ఒక మాట. భర్త తీసుకున్న కమ్యుటేషన్ కోత మీ కుటుంబ పింఛనులో ఉండకూడదు. స్లిప్పులో కనబడితే వెంటనే అడగండి.

2. ఆ పెరుగుదల ఏ కాలానిదో రాసుకోండి

కేంద్రం ఏడాదికి రెండుసార్లు, జనవరి 1 నుంచి, జులై 1 నుంచి డి.ఆర్. లెక్కిస్తుంది. 2024 జనవరిలో 50 శాతం, జులైలో 53, 2025 జనవరిలో 55, జులైలో 58. మన రాష్ట్రంలో కేంద్రం పెంచిన ప్రతి 1 శాతానికి 0.91 చొప్పున వస్తుంది. అక్కడ 4 అయితే ఇక్కడ 3.64, అక్కడ 3 అయితే ఇక్కడ 2.73.

ఆ తేదీకీ, ఉత్తర్వు వచ్చే తేదీకీ మధ్య ఎడం ఉంటుంది. పై లెక్కలోని 37.31 శాతం 2024 జనవరి 1 నుంచి రావలసినది. ఉత్తర్వు వచ్చింది 2025 అక్టోబరులో. ఆ ఇరవై ఒక్క నెలలూ బజారు ధర మాత్రం ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగలేదు. అందుకే గత డి.ఆర్. మీ ఖాతాలో పడిన నెల ఏదో, ఈ డి.ఆర్. పడిన నెల ఏదో రెండూ పాస్‌బుక్కులో చూసి రాసుకోండి. ధరలను ఈ రెండు నెలల మధ్యే పోల్చాలి. ఆరు నెలల పెంపును ఏడాది ధరలతో పోల్చినా, రెండేళ్లకు వచ్చిన పెంపును ఆరు నెలల ధరలతో పోల్చినా లెక్క తప్పుతుంది.

3. మీ ఇంటి ధరల పట్టిక తయారు చేయండి

ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. అసలు జవాబు ఇందులోనే ఉంది.

డి.ఆర్.కు ఆధారమైన ధరల సూచీ పారిశ్రామిక కార్మికుల కుటుంబాల కోసం తయారయింది. దేశంలోని 88 కేంద్రాల ధరలు అందులో కలుస్తాయి. మనకు దగ్గరలో ఉన్నది విశాఖపట్నం. అందులో ఆహార పానీయాలకు 39.17 శాతం, ఇంటికి 16.87 శాతం బరువు (లెక్కలో వాటా) ఇచ్చారు. వైద్యం, చదువు, ప్రయాణం వంటివన్నీ కలిపి ఒకే గుంపులో 30.31 శాతం. ఇప్పుడు మీ ఇంటికి రండి. డెబ్బై ఏళ్ల దంపతుల ఇంట్లో చదువు ఫీజులు ఉండవు. సొంత ఇల్లయితే అద్దె ఉండదు. మందుల పెట్టె మాత్రం ఏటా పెద్దదవుతుంది. సూచీ ఎంత నిజాయితీగా లెక్కించినా అది మీ ఇంటి లెక్క కాదు.

పట్టిక ఇలా వేయండి. ఎడమ వైపు సరుకు, మధ్యలో అప్పటి నెల ఖర్చు, కుడి వైపు ఇప్పటి నెల ఖర్చు. నేను అందరికీ చూపించే మాదిరి ఇది. అంకెలు ఊహించి వేసినవే, మీవి మీరు రాసుకోండి.

పాలు: 1,740 నుంచి 1,860
బియ్యం, పప్పులు, నూనె, ఇతర కిరాణా: 6,200 నుంచి 6,560
కూరగాయలు, చేపలు: 3,600 నుంచి 3,780
మందులు, రక్త పరీక్షలు: 3,400 నుంచి 3,790
కరెంటు, గ్యాసు, ఫోను: 2,360 నుంచి 2,450
పనిమనిషి: 1,500 నుంచి 1,600
విశాఖ ఆసుపత్రికి రాకపోకలు: 900 నుంచి 960
ఆరోగ్య బీమా, ఇంటి పన్ను నెలవారీ వాటా: 2,300 నుంచి 2,340

మొత్తం 22,000 నుంచి 23,340 అయింది. పెరిగింది 1,340. డి.ఆర్. తెచ్చింది 1,092. నెలకు 248 రూపాయలు తరుగు. ఈయన మందుల ఖర్చు ఒక్కటే 390 పెరిగింది చూడండి. వచ్చిన డి.ఆర్.లో మూడో వంతు మందుల షాపుకే పోయింది.

పట్టిక వేసేటప్పుడు నాకు పదే పదే కనబడిన పొరపాట్లు చెబుతాను.

మొదటిది, పండుగ నెలను ఎంచుకోవడం. సంక్రాంతికి కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు వచ్చిన నెలను మామూలు నెలతో పోలిస్తే ధరలు రెట్టింపయినట్టు కనబడుతుంది. సిరిమానోత్సవానికి ఇల్లు నిండా బంధువులున్న నెలదీ అదే దారి. రెండూ మామూలు నెలలే తీసుకోండి.

రెండోది, ఏడాదికోసారి కట్టేవి మరిచిపోవడం. ఇంటి పన్ను, బీమా ప్రీమియం, కళ్లద్దాలు, ఇంటి మరమ్మతు. తీరం వెంబడి ఉన్న ఊళ్లలో తుపాను తర్వాత పైకప్పు పని తప్పదు. వీటిని పన్నెండుతో భాగించి నెల వాటా రాయండి.

మూడోది, వాడకాన్నీ ధరనూ కలిపేయడం. అప్పట్లో రోజుకు అర లీటరు పాలు తెప్పించి ఇప్పుడు లీటరు తెప్పిస్తుంటే, ఖర్చు పెరిగింది కానీ అదంతా ధర కాదు. రెండు నెలలకూ ఒకే పరిమాణం వేయండి. మందుల విషయంలో మాత్రం ఈ నియమం సడలించండి. డాక్టరు కొత్తగా రాసిన మాత్ర మీ ఇష్టం మీద వచ్చిన ఖర్చు కాదు. దాన్ని వేరే వరుసలో రాసుకుంటే ధర వల్ల ఎంత పెరిగిందో, వయసు వల్ల ఎంత పెరిగిందో రెండూ తెలుస్తాయి.

నాలుగోది, సర్దుకున్నదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం. శ్రీకాకుళంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన పట్టిక చూపించి, తనకు తరుగు లేదన్నారు. అడిగితే తెలిసింది, మోకాలి నొప్పి మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు, చేపలు మానేశారు. మానేసినవి కూడా ఇప్పటి ధరకు రాయాలి. కడుపు కట్టుకుని మిగిల్చిన డబ్బు డి.ఆర్. ఖాతాలోకి రాదు.

4. పన్ను లెక్క వేయండి

ముందు భయం తీరుస్తాను. కొత్త పన్ను విధానంలో పింఛనుదారుకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి నేరుగా తీసేసే మొత్తం) ఉంది. అది పోగా పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా. పై ఉదాహరణలోని ఆయనకు ఏడాదికి అందేది 3,50,316. ఆయన డి.ఆర్. మీద ఒక్క రూపాయి పన్ను పడదు. మన జిల్లాల్లో పింఛను ఒక్కటే ఆధారమైన ఇళ్లలో ఎక్కువమందిది ఇదే పరిస్థితి. వారి పెంపును తినేది ధరలే, పన్ను కాదు.

జాగ్రత్త పడవలసింది పెద్ద పింఛనుతో పాటు డిపాజిట్ల వడ్డీ కూడా ఉన్నవారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు బ్యాంకులో వేసుకున్నవారన్నమాట. పింఛను, వడ్డీ కలిపి ఏడాదికి సరిగ్గా 12,75,000 వచ్చే ఒక విశ్రాంత అధ్యాపకుణ్ని తీసుకోండి. 75,000 పోతే 12 లక్షలు, పన్ను సున్నా. ఆయన మూల పింఛను 55,000. డి.ఆర్. 3.64 శాతం పెరిగితే నెలకు 2,002, ఏడాదికి 24,024 అదనం. పన్ను వేయదగిన ఆదాయం 12,24,024 అవుతుంది. గీత దాటగానే రిబేటు పోతుంది. శ్లాబుల ప్రకారం 63,000 పైచిలుకు పన్ను పడాలి కానీ, 12 లక్షలకు పైన ఉన్న మొత్తాన్ని మించి పన్ను వేయకూడదనే ఊరట ఉంది. కాబట్టి పన్ను 24,024. దాని మీద 4 శాతం సెస్సు కలిపితే దాదాపు 24,985. వచ్చిన డి.ఆర్. మొత్తం పోగా చేతినుంచి ఇంకో 961 పడింది.

పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలకూ దాదాపు 12,70,500కూ మధ్య ఉన్నవారందరికీ ఇంతే. ఆ మధ్యలో వచ్చే ప్రతి అదనపు రూపాయీ పన్నుకే పోతుంది. అది దాటాక, 16 లక్షల వరకు, వంద రూపాయల పెంపులో పన్ను, సెస్సు కలిపి 15 రూపాయల 60 పైసలు పోతాయి.

మీరు ఆ గీత దగ్గర ఉన్నారని తేలితే మార్చి రాకముందే మేలుకోండి. కొత్తగా వేసే డబ్బులో కొంత పి.పి.ఎఫ్.లో వేస్తే దాని వడ్డీకి పన్ను లేదు, ఏడాదికి లక్షన్నర వరకు వేసుకోవచ్చు. కాకపోతే ఆ డబ్బు ఏళ్ల తరబడి కదలదు కనుక వైద్యానికి ఉంచుకున్నది అందులో పెట్టకండి. "నా డబ్బు మా ఇంటావిడ పేరున డిపాజిట్ వేస్తాను" అని చాలామంది అంటారు. మీరు భార్యకు ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీ మీ ఆదాయంలోనే కలుస్తుంది. ఆవిడ సొంత డబ్బయితేనే ఆవిడ లెక్కలోకి వెళ్తుంది.

పాత విధానం మేలేమో అని అడిగేవారికి: అరవై దాటినవారికి అక్కడ 3 లక్షల వరకు, ఎనభై దాటినవారికి 5 లక్షల వరకు పన్ను లేదు. వడ్డీ మీద 50,000, ఆరోగ్య బీమా లేదా వైద్య ఖర్చు మీద 50,000, పొదుపు మీద లక్షన్నర తగ్గింపులు ఉన్నాయి. 13 లక్షల ఆదాయం మీద ఇవన్నీ వేసి చూశాను. స్టాండర్డ్ డిడక్షన్ 50,000 కూడా పోయాక 10 లక్షలు మిగిలి, సెస్సు కాకుండా లక్షా పదివేల పన్ను తేలింది. కొత్త విధానంలో అదే ఆదాయానికి 25,000. అయినా మీ అంకెలతో రెండూ వేసి చూసుకోండి.

కుటుంబ పింఛను లెక్క వేరు. అది జీతం కింద రాదు, ఇతర ఆదాయం కింద వస్తుంది. తగ్గింపు కొత్త విధానంలో పింఛనులో మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది. రిటర్నులో జీతం గడిలో వేసి 75,000 తీసేసుకున్నవారిని చూశాను, తర్వాత నోటీసు వచ్చింది. భూమి, ఫండ్లు అమ్మిన ఏడాది కూడా జాగ్రత్త. ఆ లాభం మీద ప్రత్యేక రేటుతో పడే పన్నుకు పై రిబేటు వర్తించదు.

5. బకాయిలు ఒకేసారి వస్తే ఫారం 10ఇ

ఆలస్యమైన డి.ఆర్. బకాయిలు వేరే ఏడాదిలో పడితే, పడిన ఏడాది ఆదాయంగానే చూస్తారు. దాని వల్ల పన్ను పెరిగితే సెక్షన్ 89 కింద ఊరట అడగవచ్చు. కొత్త విధానంలో ఉన్నవారికీ ఇది ఉంది. ట్రెజరీ నుంచి ఏ ఏడాదికి ఎంత బకాయో విడివిడిగా చూపించే పట్టిక తీసుకోండి. ఆదాయపు పన్ను వెబ్‌సైటులో ముందు 10ఇ దాఖలు చేసి, ఆ తర్వాతే రిటర్ను వేయండి. 10ఇ మరిచి రిటర్నులో ఊరట రాసుకుంటే దాన్ని కొట్టేస్తారు. లెక్కలో ఊరట సున్నా వస్తే ఆ ఫారంతో పనిలేదు.

6. ముందుగా కోసిన పన్నును సరిచూడండి

అరవై దాటినవారికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటితే టి.డి.ఎస్. కోస్తారు. మొత్తం ఆదాయం మీద చివరికి పన్ను సున్నా అయ్యేవారు ఏప్రిల్‌లోనే 15హెచ్ ఫారం (నాకు పన్ను పడదని ఇచ్చే ప్రకటన) ఇస్తే కోయరు. ప్రతి బ్యాంకులో విడిగా ఇవ్వాలి, ప్రతి ఏడాదీ ఇవ్వాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంతో ఫారాల, సెక్షన్ల సంఖ్యలు మారతాయి. కౌంటరులో "15హెచ్‌కు బదులుగా ఇచ్చేది" అని అడగండి. పన్ను పడేవారు మాత్రం ఆ ఫారం ఇవ్వకూడదు, అది తప్పుడు ప్రకటన అవుతుంది.

ఇప్పటికే కోసి ఉంటే 26ఏఎస్ (మీ పేరున కోసిన పన్నులు చూపే ఆదాయపు పన్ను శాఖ పట్టిక) తెరిచి, పాస్‌బుక్కులో కోసినదీ అక్కడ చూపినదీ ఒకటేనా చూసి, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి. ట్రెజరీ ఇచ్చే ఫారం 16లో పింఛను మొత్తం కమ్యుటేషన్ కోత తర్వాతిదేనా అన్నది కూడా చూడండి. చేతికి రాని డబ్బుకు పన్ను కట్టిన ఇద్దరిని నేనే చూశాను.

7. మూడు అంకెలు ఒకచోట రాయండి

డి.ఆర్. వల్ల నెలకు పెరిగింది. దానిలోంచి పన్నుకు పోయేది. మీ ఇంటి పట్టికలో ధరలు పెరిగింది. మొదటి అంకె నుంచి మిగతా రెండూ తీసేయండి. మా మాదిరి లెక్కలో 1,092 నుంచి సున్నా, 1,340 తీస్తే మైనస్ 248.

ఈ అంకెను పాస్‌బుక్కుతో పరీక్షించండి. అప్పటి మూడు నెలల చివరి నిల్వలు, ఇప్పటి మూడు నెలల చివరి నిల్వలు చూడండి. లెక్క ప్రకారం తరుగు 248 అయితే నెలాఖరు మిగులు కూడా కాస్త అటూ ఇటూగా అంతే తగ్గి ఉండాలి. రెండు వేలు తగ్గిందంటే పట్టికలో ఏదో వదిలేశారు. నా అనుభవంలో అది ఎక్కువగా పిల్లలకు పంపిన డబ్బో, మందుల షాపు అప్పో అవుతుంది.

తరుగు తేలినవారు ముందుగా మూడు చోట్ల చూడండి. డాక్టరును అడిగి అదే మందు జన ఔషధి కేంద్రంలో దొరుకుతుందేమో కనుక్కోండి. రక్తపోటు, మధుమేహం మాత్రల్లో తేడా బాగా ఉంటుంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు, అంతకు ముందు అది 18 శాతం. పాత, కొత్త రసీదులు పక్కపక్కన పెట్టి అసలు ప్రీమియం పెంచారేమో చూడండి. పట్టణంలో సొంత ఇల్లున్నవారు ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది.

ఈ.పి.ఎస్. పింఛనుదారులకు

నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికులు, ఇతర కర్మాగారాల్లో, సహకార సంస్థల్లో చేసి దిగినవారు "మాకు డి.ఆర్. ఎంత?" అని అడిగినప్పుడు నాకు గొంతు పెగలదు. ఈ.పి.ఎస్.-95 పింఛనుకు డి.ఆర్. లేదు. కనీస పింఛను 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలుగా పెట్టారు. మీరు మొదటి రెండు అంచెలూ వదిలి మూడో అంచె పట్టిక ఒక్కటే వేయండి. అందులో పెరిగినదంతా మీకు తరుగే. ఏటా 5 శాతం చొప్పున ధరలు పెరిగాయనుకుంటే, 2,500 రూపాయల పింఛను పదేళ్ల తర్వాత ఇవాళ్టి 1,535 రూపాయల సరుకే కొంటుంది. వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఆ పట్టికను బిల్లులతో సహా జతచేయండి. "బతకలేకపోతున్నాం" అన్న మాటకు అధికారి తల ఊపి ఊరుకోవచ్చు. అప్పటి బిల్లు, ఇప్పటి బిల్లు పక్కపక్కన పెడితే ఏదో ఒక జవాబు రాయక తప్పదు. నకలు మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి.